అడిగేది ఒక్కటే ఉండాలి

పేదరికం, వాతావరణ మార్పు విషయంలో ప్రభుత్వాలను ఎలా నిలదీయాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే తరహా ప్రశ్నలను ఒకటిగా కలిపాం. రాసినవారి పేర్లు వదిలేసి ఊళ్ళు మాత్రం ఇస్తున్నాం.

వాతావరణ మార్పుపై చర్యలు తీసుకోవాలంటూ మా కాలేజీలో వందల సంతకాలు సేకరించి కలెక్టర్‌గారికి ఇచ్చాం. ఫొటో పేపర్లో కూడా పడింది. ఆర్నెల్లయినా ఏ కదలికా లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?
— డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

సంతకాల్లో లోటేమీ లేదు, లోటంతా అడిగినదాంట్లోనే ఉంది. ‘చర్యలు తీసుకోవాలి’ అన్న మాటను అమలు చేసే సెక్షన్ కలెక్టరేట్‌లో ఏదీ ఉండదు. ఆ కాగితానికి ఇన్‌వార్డులో ఒక నంబరు పడుతుంది. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి ఏదో ఒక శాఖకు పంపుతారు, అక్కడ ఫైల్లో చేరిపోతుంది. అది అందుకున్న గుమస్తా మంచివాడే అయినా దాంతో ఏం చేయాలో అతనికి తెలియదు.

వినతిపత్రంలో ఒకే ఒక పని అడగండి. ఆ పని చేసే అధికారం ఏ అధికారికి ఉందో, ఏ చట్టం ప్రకారం ఉందో రాయండి. గడువు పెట్టండి. ఉదాహరణకు, 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థకు కలెక్టరే చైర్‌పర్సన్. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించి సవరించాలి. కాబట్టి మీరు ఇలా రాయవచ్చు: ‘ఈ ఏడాది సవరించిన జిల్లా ప్రణాళికలో వడగాడ్పుల భాగాన్ని ఫిబ్రవరి నెలాఖరులోగా తెలుగులో ప్రతి గ్రామ, వార్డు సచివాలయం నోటీసు బోర్డులో పెట్టించగలరు.’ దీనికి ఔననో కాదనో జవాబు చెప్పక తప్పదు. ప్రణాళికను సవరించకపోతే ఆ సంగతీ బయటపడుతుంది.

మళ్ళీ ఇచ్చేటప్పుడు సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి దరఖాస్తు సంఖ్య తీసుకోండి. తెలంగాణలోనైతే ప్రజావాణిలో ఇవ్వాలి. మీ దగ్గరుండే నకలు మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే రేపు ఎవరినీ ఏమీ అడగలేరు. పేపర్లో పడ్డ ఫొటో అందుకు పనికిరాదు.

కూలి పనికి వెళ్ళి వడదెబ్బకు చనిపోయినవారి కుటుంబాలకు మా మండలంలో పరిహారం అందలేదు. ఎందుకు ఇవ్వలేదని సమాచార హక్కు కింద అడిగితే ‘ఇది సమాచారం కిందికి రాదు’ అని తిప్పి పంపారు. ఎలా రాయాలి?
— సూర్యాపేట జిల్లా నుంచి ఇద్దరు పాఠకులు

వాతావరణ మార్పూ పేదరికమూ ఒకే మనిషి మీద పడే చోటు ఇదే కాబట్టి కొంచెం విపులంగా చెబుతాం. 2015 మే నెల ఎండలకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. చాలామంది ఎండలో పని మానుకోలేని కూలీలు, వృద్ధులు. అయినా తుపాను, వరద, కరువు వంటివాటితో కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో వడగాడ్పు లేదు. రాష్ట్రమే దాన్ని తన విపత్తుగా ప్రకటించుకుంటే రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో 10 శాతం దాకా అందుకు వాడుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో అలా ప్రకటించి పరిహారాన్ని 4 లక్షల రూపాయలు చేసింది. అంతకుముందు ఆపద్బంధు కింద 50 వేలే ఉండేది. కనుక మరణం జరిగిన తేదీ ఏమిటో ముందు చూసుకోండి.

డబ్బు ఎక్కువగా ఆగేది ధ్రువీకరణ దగ్గర. అది వడదెబ్బ మరణమేనని మండలంలో తహసీల్దారు, ప్రభుత్వ వైద్యాధికారి, ఎస్సై ఉండే త్రిసభ్య కమిటీ తేల్చాలి. కూలి మనిషి మధ్యాహ్నం చేలో పడిపోతాడు, ఇంటికి తెచ్చేసరికే ప్రాణం పోతుంది, సాయంత్రానికల్లా దహనం అయిపోతుంది. పంచనామా ఉండదు, పోస్టుమార్టం ఉండదు. పదిరోజుల తర్వాత దరఖాస్తు పెట్టుకుంటే కమిటీ ముందుంచడానికి ఒక్క కాగితం కూడా ఉండదు. మీ ఊళ్ళో ప్రచారం చేయదలిస్తే మార్చిలోనే ఈ సంగతి ఇంటింటికీ చెప్పండి. అంత్యక్రియలకు ముందే పోలీసు స్టేషన్‌కూ తహసీల్దారు కార్యాలయానికీ కబురు పెట్టాలి, పోస్టుమార్టం చేయించాలి.

ప్రాణం ఉండగా ఆసుపత్రికి చేర్చగలిగితే దారి పొడవునా ఒంటిమీద నీళ్ళు చల్లుతూ విసురుతూ తీసుకెళ్ళండి. అక్కడ శరీర ఉష్ణోగ్రత కొలిచి కేసు షీట్లో రాయమని పట్టుబట్టండి. 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారెన్‌హీట్ దాటిందని, మనిషి స్పృహలో లేడని రాసి ఉంటే అది గట్టి ఆధారం. ‘గుండె ఆగి మరణం’ అని మాత్రం రాస్తే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. ఏ చావులోనైనా చివరికి ఆగేది గుండే కదా.

ఇక మీ దరఖాస్తు సంగతి. సమాచార హక్కు చట్టం కింద కార్యాలయంలో ఉన్న రికార్డు మాత్రమే అడగగలం. ‘ఎందుకు ఇవ్వలేదు’ అంటే అధికారి అభిప్రాయం అడిగినట్టవుతుంది, అందుకే తిప్పికొట్టారు. అదే కారణం ఫైల్లో రాసి ఉంటుంది, ఆ పేజీ నకలు అడగండి. తహసీల్దారు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఇలా రాయండి:

‘ఈ మండలంలో 2025 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు: (1) వడదెబ్బ మరణాలపై అందిన దరఖాస్తులు నమోదైన రిజిస్టరు పేజీల నకళ్ళు. (2) త్రిసభ్య కమిటీ సమావేశమైన తేదీలు, ఆ సమావేశాల మినిట్స్ నకళ్ళు. (3) తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకు సంబంధించిన నోట్‌ఫైలు నకలు. (4) పరిహారం మంజూరు చేసిన ఉత్తర్వుల నకళ్ళు, చెల్లించిన తేదీలు. మృతుల పేర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు కప్పి ఇవ్వవచ్చు.’

ఆ చివరి వాక్యం తప్పక ఉండాలి. అది లేకపోతే వ్యక్తిగత సమాచారమంటూ మొత్తం తోసిపుచ్చడానికి దారి దొరుకుతుంది. మీ సంఘం లెటర్‌హెడ్ మీద రాయకండి, ఈ హక్కు చట్టంలో పౌరులకే ఉంది. సంఘం కార్యదర్శి అయినా సొంత పేరుతో, ఇంటి చిరునామాతో పెట్టుకోవాలి. కారణం చెప్పనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు.

జవాబుకు 30 రోజులు గడువు. ఆ తర్వాత ఇచ్చే నకళ్ళకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, తప్పుగా వచ్చినా 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆయన 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేయగలదు. మొదటి అప్పీలు గడువు దాటిపోవడం వల్లే చాలా దరఖాస్తులు చచ్చిపోతాయి. దరఖాస్తు పంపిన రోజే ముప్పయ్యో రోజు, అరవయ్యో రోజు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

మా ఊరి దగ్గర విద్యుత్ ప్లాంటుకు ప్రజాభిప్రాయ సేకరణ అని ప్రకటన వచ్చింది. అంతా ముందే నిర్ణయమైపోయింది, బహిష్కరిద్దామని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
— టెక్కలి

బహిష్కరించకండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న నియమం, అంటూ లేదు. మీరు రాకపోయినా సభ జరిగినట్టే రాసుకుంటారు. గొడవతో ఆగిపోతే ఇంకో ప్రమాదం ఉంది. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని నివేదిక వెళ్తే, సభ అవసరమే లేదని పైవాళ్ళు నిర్ణయించే అవకాశం ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది.

సభ ఓటింగ్ కాదు, రికార్డు. అక్కడ నమోదైన అభ్యంతరానికి కంపెనీ జవాబివ్వాలి, నిపుణుల కమిటీ దాన్ని చూడాలి, రేపు అప్పీలుకు వెళ్తే హరిత ట్రిబ్యునల్ కూడా దాన్నే చూస్తుంది. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజులుంటాయి. ఆ రోజుల్లో ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడవచ్చు. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోకండి, అసలు తేడాలు ఇంగ్లిష్ నివేదికలోని పటాల్లో, పట్టికల్లో ఉంటాయి. భూమి స్వభావం ఏమని రాశారో చూసి అడంగల్‌తో, గ్రామ పటంతో పోల్చండి. చెరువులు, వాగులు, బావులు ఎన్ని చూపించారో లెక్కపెట్టండి. నీళ్ళు ఎక్కడి నుంచి, రోజుకు ఎంత తీసుకుంటారో, ఎండాకాలంలో ఆ వనరులో ఎంత ఉంటుందో చూడండి.

ఇది ఎంత పని చేస్తుందో మీ జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు ప్రతిపాదించినప్పుడు వివాదమంతా ఆ నేల చిత్తడి నేలా కాదా అన్నదాని చుట్టూ తిరిగింది. 2010 జూలైలో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. వీధిలో పోరాటం ఎంత పెద్దదైనా అథారిటీ ముందుకు వెళ్ళాల్సింది నేల గురించిన ఆధారాలే.

అభ్యంతరాలను వరుస సంఖ్యలతో, నివేదిక పేజీ నంబర్లతో రాసి సభకు ముందే కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, సభలోనూ ఇవ్వండి. ఒక్కొక్కరు ఒక్కో అంశం పంచుకుని మాట్లాడండి. పదిమంది ఒకే మాట చెబితే అది మినిట్స్‌లో ఒకే వాక్యంగా మిగులుతుంది. సభ ముగిసేలోగా మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలన్నది నియమం. చదవకుండా లేస్తుంటే నిలబడి అడగండి, సభ మొత్తం వీడియో తీస్తారు కాబట్టి మీరు అడిగిన సంగతీ అందులో ఉంటుంది.

అనుమతి వచ్చాక చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌లో 30 రోజుల్లోగా అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు. 90 రోజులు దాటితే ట్రిబ్యునల్ కూడా ఏమీ చేయలేదు. ప్లాంటు కట్టేసినా పని అయిపోలేదు. షరతుల అమలుపై కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక తెప్పించుకుని ఊళ్ళో ఉన్నదానితో పోల్చి చూసే మనిషి ఊరికి ఒక్కరుంటే చాలు.

మా ఎంపీగారితో పార్లమెంటులో ప్రశ్న అడిగించవచ్చా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

అడిగించవచ్చు. ఎంపీ కార్యాలయానికి ఉపన్యాసం కాకుండా తయారు ప్రశ్న ఇవ్వండి. లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు దాటకూడదు, ఒకే అంశం మీద ఉండాలి, కేంద్రం బాధ్యతకు సంబంధించినదై ఉండాలి. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే మీ కాగితం ఎంపీ సహాయకుడి చేతిలో ఉండాలి.

అంకె ఉన్న ప్రశ్నే అడిగించండి. 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) వనరులదే ఉంటుందని మన దేశం 2022లో ఐక్యరాజ్యసమితికి రాసి ఇచ్చింది. 2025 జూన్ నాటికే ఆ సగం దాటామని కేంద్రం ప్రకటించింది. అది నిజమే, మెచ్చుకోవలసిందే. అయితే స్థాపిత సామర్థ్యం వేరు, ఏడాదిలో పుట్టిన కరెంటు వేరు. సోలార్ ప్యానెల్ రాత్రి పనిచేయదు. యూనిట్ల లెక్కన చూస్తే బొగ్గుదే ఇంకా పెద్ద వాటా. ‘గత మూడేళ్ళలో ఏడాదివారీగా ఉత్పత్తి అయిన మొత్తం యూనిట్లలో శిలాజేతర వాటా ఎంత, రాష్ట్రాలవారీగా ఎంత’ అని అడిగిస్తే పనికొచ్చే జవాబు వస్తుంది.

‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని మంత్రి చెబితే నిరాశపడకండి. దాన్ని హామీగా లెక్కగడతారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. ఆ మూడు నెలల తేదీని ఎంపీ కార్యాలయానికి గుర్తు చేయడం మీ పని.

ప్రపంచస్థాయి ఊరేగింపుల వల్ల, కోర్టు కేసుల వల్ల నిజంగా ఏమైనా ఒరిగిందా?
— హైదరాబాద్

ఒరిగింది, అన్నిచోట్లా ఒకేలా కాదు. 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో సంపన్న దేశాల కూటమి జీ8 సమావేశం జరుగుతుండగా సుమారు 70 వేల మంది చేతులు పట్టుకుని నగరంలో మానవహారం కట్టారు. అడిగింది ఒక్కటే: పేద దేశాల తీర్చలేని అప్పులు రద్దు చేయండి. ఎవరి అప్పు, ఎవరు రద్దు చేయాలి, ఎప్పటిలోగా అన్నది స్పష్టంగా ఉంది, గడువు 2000 సంవత్సరం. ఆ తర్వాతి ఏళ్ళలో చాలా దేశాల అప్పులు పెద్దఎత్తున రద్దయ్యాయి.

బ్రిటన్ చట్టం కథ వేరు. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకు సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించింది. దశాబ్దాల ప్రచారం ఫలించి 2015లో బ్రిటన్ దాన్ని చట్టం చేసింది. కానీ లక్ష్యం తప్పితే మంత్రి పార్లమెంటుకు కారణం చెబితే సరిపోతుందని, కోర్టులో అడగడానికి వీల్లేదని ఆ చట్టంలోనే ఉంది. 2021లో దాన్ని 0.5 శాతానికి తగ్గించారు. 2027 నాటికి 0.3కు దించుతామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. లక్షలమంది కష్టపడి సాధించిన అంకె ఇంత తేలిగ్గా జారిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఏ హామీనైనా చదివేటప్పుడు ‘తప్పితే ఏమవుతుంది’ అన్న వాక్యం ఎక్కడుందో ముందు వెతకండి.

నెదర్లాండ్స్‌లో ఆ లోటును కోర్టు పూడ్చింది. ఉర్గెండా అనే సంస్థ, దానితోపాటు 886 మంది పౌరులు తమ ప్రభుత్వం మీదే దావా వేశారు. 1990తో పోలిస్తే 2020 చివరికి ఉద్గారాలను కనీసం 25 శాతం తగ్గించి తీరాలని 2019 డిసెంబర్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మన దగ్గర 2024 మార్చిలో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణల్లో ఉందని చెప్పింది. బట్టమేక పక్షి కేసులో వచ్చిన మాట అది. ప్రభుత్వం ఫలానా పని చేసి తీరాలనే డచ్ తీర్పులాంటి ఆదేశం మాత్రం అందులో లేదు. హక్కు పుట్టింది, దానికి గడువూ అంకే ఇంకా రాలేదు.

నేను స్టూడెంట్ వీసా మీద లెస్టర్‌లో ఉన్నాను. మా అన్నయ్య హెచ్1బీ మీద డాలస్‌లో ఉన్నాడు. ఇక్కడి ప్రభుత్వాలను అడిగే హక్కు మాకు ఉందా?
— లెస్టర్, బ్రిటన్

మీకు ఉన్నది మీరనుకునేదానికంటే చాలా ఎక్కువ. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో ఉంటూ, పద్దెనిమిదేళ్ళు నిండితే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. ముందు ఓటరుగా నమోదు చేసుకోండి. మీ ఎంపీకి రాసేటప్పుడు ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పక ఇవ్వండి. మీరు ఆ నియోజకవర్గంవారని తెలియకపోతే జవాబు రాదు. పార్లమెంటు పిటిషన్ మీద బ్రిటన్ నివాసులెవరైనా సంతకం చేయవచ్చు. 10 వేలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. ఒకే రకం ఈమెయిల్ వందమంది పంపడం కన్నా పదిమంది తమ మాటల్లో రాసింది ఎక్కువ పనిచేస్తుంది.

మీ అన్నయ్యగారికి ఓటు లేదు, గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఎన్నికల ప్రచారానికి విరాళం ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం. ఈ రెండోది మనవాళ్ళలో చాలామందికి తెలియదు, జాగ్రత్త. అయితే ఆ నియోజకవర్గంలో ఉంటున్న మనిషిగా కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయానికి ఫోన్ చేయవచ్చు, సిబ్బందిని కలవవచ్చు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, కేటాయింపుల విన్నపాలను సభ్యులు వసంతకాలంలోనే తీసుకుంటారు. సెప్టెంబర్‌లో వెళ్తే ఆలస్యమైపోతుంది. విదేశీ సాయం చూసే యూఎస్‌ఎయిడ్ పనులు 2025 జూలై 1 నుంచి విదేశాంగ శాఖకు వెళ్ళాయి కాబట్టి పాత నమూనా ఉత్తరాలు వాడకండి. సమావేశం పావుగంటకు మించి దొరకదు. సమస్య రెండు నిమిషాల్లో చెప్పి, ఏ బిల్లు, ఏ పద్దు, ఎంత మొత్తం అన్నది అడిగి, ఒక పేజీ కాగితం వదిలి రండి. పదిరోజుల తర్వాత ‘మీవారు ఏం నిర్ణయించారు’ అని మళ్ళీ అడగండి.

మా ఊరి సంఘానికి అమెరికాలో ఉన్న మా ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?
— భీమవరం

పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం అలాంటి డబ్బు ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అన్నదమ్ముల్లో ఒకరి డబ్బు తీసుకోవచ్చు, మరొకరిది తీసుకోకూడదు అన్న పరిస్థితి రావచ్చు. అందుకే విరాళమిచ్చిన ప్రతివారి నుంచి పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదు పుస్తకంతో పాటు భద్రపరచండి.